మట్టికుండలో దాచిన దస్తావేజు



ఆ బుధవారం నిత్యసహాయమాత నొవేనా ముగిసింది. జనం వెళ్ళిపోయారు. ఉపదేశిగారు గుడి తలుపులు వేస్తున్నారు. వరండాలో ఒక దంపతులు ఇంకా నిలబడే ఉన్నారు. పదిహేడేళ్ళుగా మన విచారణలోనే అద్దె ఇళ్ళలో కాపురం చేస్తున్న కుటుంబం అది. ఇద్దరు పిల్లలు. ఆయన కరెంటు పని, సీలింగు పని కాంట్రాక్టుకు తీసుకుంటాడు. ఆమె ప్రైవేటు బడిలో టీచరు. అపార్టుమెంటులో ఒక ఫ్లాటు చూసుకున్నారనీ, అడ్వాన్సు కూడా ఇచ్చారనీ అప్పటికే నా చెవిన పడింది. ఆశీర్వాదానికి తారీఖు అడగటానికి వచ్చారనుకొని డైరీ తెరిచాను.

"తారీఖు కోసం రాలేదు స్వామీ" అంది ఆమె. చేతిలో మడతలు పడిన పొడుగాటి కవరు ఒకటి ఉంది.

ముందుగా ఒక మాట. నేను రాస్తున్నది పాపసంకీర్తనంలో విన్నది కాదు. వరండాలో, ఉపదేశిగారు వింటుండగా చెప్పుకున్నది. వాళ్ళ అనుమతి అడిగే రాస్తున్నాను. "రాయండి స్వామీ, ఇంకొకరికి పనికొస్తుంది" అన్నది ఆమే. ఆయన తల వంచుకున్నాడు గాని వద్దనలేదు.

కవరులో ఉన్నది ఆదాయపు పన్ను శాఖ నోటీసు. కొన్నేళ్ళ కిందట ఆయనకు ఒక పెద్ద భవనంలో పని దొరికింది. డబ్బు బ్యాంకు ద్వారా వచ్చింది, కొంత పన్ను ముందే కోసుకుని ఇచ్చారు. కోసుకున్నారు కదా, ఇక మన బాధ్యత తీరిపోయిందనుకున్నాడు. రిటర్ను వేయలేదు. వేయనప్పుడు వాళ్ళే లెక్క కడతారు. పన్ను, వడ్డీ, జరిమానా అన్నీ కలిపి 1,84,000 రూపాయలు. కాగితం అందిన రోజు ఆయన ఎవరికీ చెప్పలేదు. బీరువాలో పెళ్ళి ఆల్బం కింద పెట్టేశాడు. ఇంటి అప్పు కోసం బ్యాంకువారు మూడేళ్ళ రిటర్నులు అడిగితే, పాన్ కార్డు వెతుకుతూ ఆమె ఆ ఆల్బం ఎత్తింది.

"డబ్బు సంగతి తరువాత స్వామీ. నాలుగేళ్ళు అదే బీరువాలో నా చీరలు పెట్టుకున్నాను" అంది.

ఆయన సమస్య మరొకటి. మధ్యవర్తి ఒకడు దారి చూపించాడు. మూడేళ్ళ రిటర్నులు, నెలకు తొంభై వేల ఆదాయం ఉన్నట్టు, తానే తయారు చేయించి ఇస్తానన్నాడు. అమ్మేవాడు కూడా ఒక షరతు పెట్టాడు. ఫ్లాటు ధర 36 లక్షలు, దస్తావేజులో మాత్రం 26 లక్షలే రాయాలి. మిగతా పది చేతికివ్వాలి. ఈ బేరాలకు మన భాషలో తెలుపు, నలుపు అని పేర్లు కూడా పుట్టాయి. అద్దె ఇంటి కోసం తిరిగేటప్పుడు గదులెన్ని అని అడుగుతాము, సొంత ఇంటికి వచ్చేసరికి నలుపెంత అని అడుగుతున్నాము.

"అందరూ చేసేదే కదా స్వామీ, ఇది పాపమా?" అన్నాడాయన.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. నొవేనా కరపత్రం వెనక్కి తిప్పి, పెన్ను తీసుకుని లెక్క వేశాను. సెమినరీలో నాకు తత్వశాస్త్రం నేర్పారు గాని కూడికలు మా అమ్మ నేర్పింది. బ్యాంకు దస్తావేజులో ఉన్న ధరనే చూస్తుంది. 26 లక్షల దస్తావేజు మీద 22 లక్షలు ఇస్తుందనుకుందాం. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళు కడితే నెలకు 19 వేలు. వాళ్ళు కూడబెట్టింది ఆరు లక్షలు. నాలుగు ధరలోకి, రెండు రిజిస్ట్రేషను ఖర్చులకు సరిపోతుంది. మరి ఆ నల్ల పది లక్షలు? కాగితం మీద లేని ధరకు ఏ బ్యాంకూ అప్పివ్వదు. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలి. నెలకు 30 వేలు, అదీ వడ్డీ మాత్రమే, అసలు ఎక్కడిదక్కడే. రెండూ కలిపితే 49 వేలు. ఇద్దరి నిజమైన సంపాదన 52 వేలు. నలుగురు మనుషులకు నెలకు మూడు వేలు మిగులుతాయి.

తొంభై వేల ఆదాయం చూపించే కాగితం బ్యాంకులో చెల్లుతుందేమో. కందిపప్పు కొనేటప్పుడు చెల్లదు.

ఇక్కడ నేను ఒకటి దాచకుండా చెప్పాలి. నిజం రాస్తే ఆ ఫ్లాటు వాళ్ళకు అందదు. పూర్తి ధర దస్తావేజులో వేసినా, వాళ్ళ అసలు ఆదాయానికి బ్యాంకు అంత పెద్ద అప్పు ఇవ్వదు. సత్యం పలికినవారికి వెంటనే ఇల్లు దొరుకుతుందని ప్రసంగాలు చేసేవారు ఉన్నారు. నేను అలా చెప్పలేను. ఆ రాత్రి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగింది కవరు చూసి కాదు, నా కూడిక చూసి.

ఇక ఆయన ప్రశ్న. పన్ను ఎగవేయటం, దొంగ కాగితాలు పుట్టించటం ఏడవ ఆజ్ఞకు విరుద్ధమని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2409వ అంశం చెబుతుంది. అంతకు ముందే, 1965లో, రెండవ వాటికన్ మహాసభ నేటి ప్రపంచంలో శ్రీసభను గూర్చిన పత్రంలో, మోసపు ఉపాయాలతో న్యాయమైన పన్నులను తప్పించుకునేవారిని పేరుపెట్టి మందలించింది. మనం మాత్రం దీన్ని పాపాల లెక్కలో వేసుకోవటం మరచిపోయాము. ముప్పై ఏళ్ళుగా పాపసంకీర్తనపు పీటలో కూర్చుంటున్నాను. శుక్రవారం మాంసం తిన్నామని చెప్పినవారు వందల మంది. దస్తావేజులో ధర తగ్గించి రాయించామని చెప్పినవారు ఎందరంటే, చెప్పనక్కర లేదు.

"మనం కట్టింది ఎవరి జేబులోకి పోతుందో స్వామీ" అని కొందరంటారు. ఆ బాధ అబద్ధం కాదు. లంచం తినేవాడు కూడా దేవునికి లెక్క చెప్పాలి. కాని నెల జీతగాడి పన్ను అతని చేతికి జీతం రాకముందే కోసేస్తున్నారు. గుడి ముందు కొవ్వొత్తులు అమ్మే అవ్వ సబ్బు కొన్నా ఆ ధరలో పన్ను కలిసే ఉంటుంది. తప్పించుకునే వీలు ఉన్నవాడు తప్పించుకుంటే, ఆ బరువు వీలు లేనివాడి మీద పడుతుంది. ప్రభుత్వాసుపత్రిలో కానుపుకు వెళ్ళే మన పిల్లలకు మందులు లేవంటే అందులో మన వాటా కూడా ఉంది.

ఇంత చెప్పినా, ఆయనకు అసలు సంగతి నా సొంత తప్పు చెప్పేదాకా ఎక్కలేదు.

ఇరవై ఏళ్ళు దాటింది. నేను అప్పుడు మరో విచారణలో ఉన్నాను. పిల్లలు లేని ఒక వితంతువు, రోజూ పూజకు వచ్చే పెద్దామె, తన స్థలం అమ్ముకుంది. ఐదు లక్షలకు బేరం. కొనేవాడు పెద్దమనిషి, గుడికి గంట చేయించినవాడు. దస్తావేజులో రెండు లక్షలు రాశారు. స్వామిగారు సాక్షి సంతకం పెడితే ధైర్యంగా ఉంటుందని ఆమే నన్ను రమ్మంది. వెళ్ళాను. సొమ్మంతా ముట్టిందని రాసిన కాగితం కింద చదవకుండానే సంతకం పెట్టాను. చదివినా పెట్టేవాడినేమో, లోకం నడిచే తీరు ఇదే అనుకునేవాడిని. మిగిలిన మూడు లక్షల్లో రెండు ఇచ్చి, ఒక లక్ష తరువాత ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. ఆమె నా దగ్గరకు వచ్చింది. నేను అతని దగ్గరకు వెళ్ళాను. అతను కోపపడలేదు, మర్యాదగానే కుర్చీ వేశాడు. దస్తావేజు నకలు తెచ్చి నా సంతకం నాకే చూపించాడు.

నేను ఎక్కడికి వెళ్ళి సాక్ష్యం చెప్పాలి? బాకీ ఉందంటే నా సంతకం అబద్ధమవుతుంది. లేదంటే ఆమె అబద్ధమాడినట్టవుతుంది. ఆ లక్ష రాకుండానే ఆమె చనిపోయింది. సమాధి ఆశీర్వదించింది నేనే.

సత్యం అంటే ఉన్నదానికీ మన బుద్ధి అనుకున్నదానికీ ఉండే పొందిక అని పునీత తోమాసు అక్వినాసు చెప్పిన నిర్వచనం నేను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. దాని అర్థం సబ్-రిజిస్ట్రారు ఆఫీసు బయట బెంచీ మీద తెలిసింది. అబద్ధపు కాగితం రాసిన రోజున ఎవరినీ కొట్టదు. న్యాయం కోసం నోరు తెరవవలసిన రోజున ఆ నోరు మూసేస్తుంది.

ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "అడ్వాన్సుకు రసీదు లేదు స్వామీ" అన్నాడు. లక్ష రూపాయలు, నగదుగా ఇచ్చాడట. ఇల్లు, స్థలాల బేరాల్లో 20 వేలు, అంతకు మించిన మొత్తం నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి చట్టం ఉంది. పట్టుబడితే తీసుకున్నంత సొమ్ము జరిమానాగా పడుతుంది. ఇది చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పరు.

సహోదరులారా, పవిత్ర గ్రంథంలో ఇల్లు వాకిళ్ళు, పొలాలు కొన్న సంఘటనలు తక్కువే గాని, ఉన్నవి ఎంతో వివరంగా ఉన్నాయి. అబ్రహాము తన భార్య సారాను పాతిపెట్టటానికి హెబ్రోను దగ్గర మక్పేలా గుహను కొన్నాడు. అమ్మే ఎఫ్రోను ఉచితంగా తీసుకోమన్నాడు. అబ్రహాము ఒప్పుకోలేదు. నగర ద్వారం దగ్గర, నలుగురూ వింటుండగా, 400 తులాల వెండి తూచి ఇచ్చాడు. దేశమంతా నీదేనని దేవుడు మాట ఇచ్చిన మనిషి, ఒక్క గుహకు పూర్తి ధర చెల్లించాడు.

యిర్మీయా ప్రవక్త కథ ఇంకా విచిత్రం. 32వ అధ్యాయం మీ ఇంట్లో ఈ వారం చదవండి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. నగరం కూలబోతున్నదని చెప్పినందుకు ప్రవక్తను రాజు నిర్బంధంలో ఉంచాడు. ఆ సమయంలో పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులోని పొలం కొనమన్నాడు. ముట్టడి వేళ, శత్రువుల చేతికి పోతున్న దేశంలో పొలం! మన మధ్యవర్తులెవరూ ఆ బేరం చూపించరు. దేవుని మాట ప్రకారం యిర్మీయా కొన్నాడు. ఎలా కొన్నాడో చూడండి. 17 తులాల వెండి త్రాసులో తూచాడు. దస్తావేజు రాసి సంతకం చేశాడు. సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, ముద్ర వేయని ప్రతి ఒకటి. రెండింటినీ తన లేఖరి బారూకుకు అప్పగించి, చాలా కాలం చెడిపోకుండా మట్టికుండలో పెట్టమన్నాడు. ఆ దేశంలో మళ్ళీ ఇళ్ళూ పొలాలూ కొనే రోజు వస్తుందని దేవుడు సెలవిచ్చాడు గనుక.

నాకు ఆశ్చర్యమేమంటే, నగరం తగలబడబోతున్నా ప్రవక్త ఒక్క సంతకం కూడా తగ్గించలేదు. ఎవరు అడుగుతారులే అనుకోలేదు. ఆ కాగితాలు ఆయన ప్రార్థనకు అడ్డం రాలేదు. దస్తావేజు బారూకు చేతికి ఇచ్చిన వెంటనే ప్రార్థన చేశాడని అక్కడే రాసి ఉంది. మనం ఆఫీసు పని వేరు, భక్తి వేరు అనుకుంటాము. కాగితాల పనికి ఎవరో మనిషిని పెట్టి, తీర్థం చల్లటానికి స్వామిని పిలుస్తాము.

మరునాడు ఆ దంపతులను మన విచారణలోనే ఉన్న ఒక ఆడిటరుగారి దగ్గరకు పంపాను. ఆయన రుసుము తీసుకోలేదు, ముందు నాలుగు చీవాట్లు మాత్రం పెట్టాడు. నోటీసులో ఉన్న బాకీని వాయిదాల్లో కట్టటానికి అనుమతి కోరుతూ అధికారికి దరఖాస్తు పెట్టించాడు. అలా అడిగే వీలు చట్టంలో ఉంది. అడగనివాడికి వడ్డీ పెరుగుతూ పోతుంది, అంతే. వేయకుండా వదిలేసిన రిటర్నులను ఆలస్యంగా వేసుకునే వీలు 2022లో వచ్చింది. మొదట రెండేళ్ళ గడువు ఉండేది, 2025లో నాలుగేళ్ళకు పెంచారు. ఆలస్యాన్ని బట్టి, కట్టవలసిన పన్ను, వడ్డీల మీద నూటికి 25 మొదలుకొని 70 దాకా అదనంగా చెల్లించాలి. యెరికో సుంకరి జక్కయ నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మన ప్రభుత్వం అంత అడగటం లేదు.

ఫ్లాటు పోయింది. అమ్మేవాడు ఇంకొకరికి రాసిచ్చాడు. రసీదు లేని లక్షలో, పెద్దలు వెళ్ళి మాట్లాడితే అరవై వేలు వెనక్కి వచ్చాయి. నలభై వేలు రాలేదు. రెండేళ్ళ రిటర్నులు సక్రమంగా పడ్డాక రమ్మని బ్యాంకువారు చెప్పారు. ఆ మధ్యలో అద్దె ఇల్లు మరోసారి మారారు. పెద్ద పిల్ల తన గది రంగు కూడా ఎంచుకుని పెట్టుకుందట. ఆ పిల్ల ఒక నెల నాతో మాట్లాడలేదు. నేను దాన్ని తప్పు పట్టను.

ఈ కాలమంతా నన్ను కుదిపిన ప్రశ్న వేరే. ఆయన నాలుగేళ్ళు ఆ కవరు ఎందుకు దాచాడు? దుర్మార్గుడు కాదు. సిగ్గుపడ్డాడు. మన విచారణలో అప్పు ఉందని చెప్పుకునే చోటు ఏదీ? సొంత ఇల్లు కట్టినవాడికి పండుగలో ముందు వరుస కుర్చీ వేస్తాము, చందాల పట్టికలో పేరు పైన రాస్తాము. గృహప్రవేశాలకు వెళ్ళి తిరుహృదయ పటం ప్రతిష్ఠించి, భోజనం చేసి వస్తాను. ఎలా కొన్నావు నాయనా, ఎంత మిగిలింది, రాత్రి నిద్ర పడుతున్నదా అని నేను ఎవరినీ అడగలేదు. భార్యాభర్తలు ఒకే శరీరమని పెళ్ళి పూజలో చెప్పేది నేనే. ఆ ఇద్దరి మధ్య ఒక కవరు నాలుగేళ్ళు పడుకుని ఉంటే నాకు తెలియలేదు. ఇప్పుడు పెళ్ళికి ముందు జరిగే తరగతుల్లో ఒక సాయంత్రం ఆడిటరుగారిని పిలుస్తున్నాను. అప్పులు, నోటీసులు, ఎవరికైనా పెట్టిన హామీ సంతకాలు, అన్నీ ఒకరికొకరు చెప్పుకోమంటున్నాము. ఒక జంట దాని మీద గొడవపడి నెల రోజులు పెళ్ళి వాయిదా వేసుకున్నారు. వాయిదానే, రద్దు కాదు.

ఈ ఏడాది వాళ్ళకు ఇంకో ఇల్లు దొరికింది. ఫ్లాటు కాదు, ఊరి చివర సందులో పాత డాబా. 27 లక్షలు. గుడికి దూరం. అమ్మేవారు అన్నదమ్ములు, ధరంతా కాగితం మీదే రాస్తామన్నారు. ఈసారి ఆమె కాగితాలన్నీ తానే చూసింది. ఈ.సి. తీయించింది. ఈ.సి.లో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి, తెల్లకాగితపు ఒప్పందాలు గాని ఇంటిపన్ను బాకీలు గాని కనబడవని ఆడిటరుగారు చెబితే, మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి అడిగింది. తొమ్మిదేళ్ళ ఇంటిపన్ను కట్టలేదు. ఆ బాకీ అమ్మినవాడి వెంట పోదు, ఇంటినే పట్టుకుని ఉంటుంది. అన్నదమ్ములను కూర్చోబెట్టి, ఆ మొత్తం కట్టి రసీదు తెచ్చాకే అగ్రిమెంటు అంది. వాళ్ళకు కొంచెం కోపం వచ్చింది గాని కట్టారు. లింకు డాక్యుమెంట్లలో ఒక చెల్లెలి సంతకం లేదని తేలితే, ఆమెను పిలిపించారు. ఇంత నేర్పు ఎక్కడిదమ్మా అన్నాను. "ఒక ఆల్బం కింద నేర్చుకున్నాను స్వామీ" అంది. ఆయన నవ్వాడు. ఆ మాటకు ఆయన నవ్వటం నేను మొదటిసారి చూశాను.

పన్ను బాకీలో చివరి వాయిదా కట్టిన చలానా కిందటి బుధవారం నాకు చూపించాడు. నాలుగేళ్ళు దాచిన నోటీసును దానికి కలిపి పిన్ను కొట్టి, ఒక ప్లాస్టిక్ ఫైలులో పెట్టాడు. ఆ ఫైలు ఇప్పుడు బీరువా పై అరలో ఉందట, ఇద్దరికీ చేయి అందే చోట.

వచ్చే నెలలో రిజిస్ట్రేషను. ఇంటిని ఇద్దరి పేర్ల మీదా రాయించుకుంటున్నారు. సాక్షిగా రమ్మని నన్ను అడిగారు. మొదట వద్దన్నాను, ఆ పెద్దామె గుర్తుకు వచ్చింది. తరువాత సరేనన్నాను. దస్తావేజు లేఖరి రాసిన చిత్తుప్రతి రెండు రోజుల ముందే తెచ్చి ఇమ్మన్నాను, కళ్ళజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవాలి.